కరచాలనం



తెలుగు, మరాఠీ, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకే బంతి వెంట పరుగెత్తే ఊరు భోకర్. పోటీకి ముందు ఇరుజట్లు కరచాలనం చేసుకొనుట ఆచారం. మిత్రులకు అది సులువే. మనసు విరిగిన ఇద్దరు ఎదురైనప్పుడే చిక్కు.

ఈ చిక్కు ఫుట్‌బాల్ పుట్టినిల్లయిన ఇంగ్లండులోనూ వచ్చింది. 2011 అక్టోబరులో లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ఎవ్రాను శరీరవర్ణం పేరిట దూషించాడని విచారణసంఘం తేల్చి, ఎనిమిది పోటీల నిషేధం విధించింది. 2012 ఫిబ్రవరి 11న ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో వారిరువురూ మళ్లీ ఎదురుపడ్డారు. మాట పడినవాడు చేయి చాచాడు. మాట అన్నవాడు దాటిపోయాడు! మరునాడు సువారెజ్ క్షమాపణ చెప్పాడు. ఎవ్రా ప్రవర్తనా నిర్దోషం కాదు. గెలిచిన పిమ్మట ప్రత్యర్థి ఎదుటనే సంబరం చేసుకున్నాడు. అది తగదని అతని శిక్షకులు ఫెర్గూసన్ గారే అన్నారు.

అంతకు పక్షం దినాల ముందు, మరొక వివాదం కారణంగా, క్వీన్స్ పార్క్ రేంజర్స్, చెల్సీ జట్ల పోటీలో కరచాలనాన్నే రద్దు చేశారు. ఆనాటికి ఇబ్బంది తప్పింది గాని కలహం తీరలేదు.

పెద్దలు గమనించవలసినది ఒకటున్నది. ఎవ్రా ఫిర్యాదును ముందు విచారించారు; చేతులు కలిపే మాట ఆ తరువాతిది. భాషనో కులాన్నో ఎత్తిపొడిచిన పిల్లవానిని మందలించక, "చేతులు కలపండిరా" అని ఊరకుంటే, మాట పడిన పిల్లవానికి అది రెండవ దెబ్బ.

2015 జూన్ 6న బెర్లిన్‌లో, ఛాంపియన్స్ లీగ్ తుదిపోటీకి ముందు, బార్సిలోనా వరుసలో సువారెజ్, యువెంటస్ వరుసలో ఎవ్రా నిలిచారు. ఈసారి చేతులు కలిశాయి.