యంత్రస్మృతిలో పుటల రాకపోకలు

గ్రామఫోను రికార్డులు వాడుకలో నున్న కాలపు రేడియో కేంద్రము నొకదానిని తలచుకొనుడు. స్టూడియోలో అనౌన్సరు ముందున్న బల్ల చిన్నది. దానిపై పట్టు రికార్డులు పదియో పదునైదో. భాండారములో నున్నవి వేలకొలది. కావలసిన రికార్డు బల్లపై నున్నచో వెంటనే చేతికందును. లేనిచో ఒకరు భాండారమునకు పోయి తేవలెను. బల్ల నిండియున్నచో వేరొకదానిని వెనుకకు పంపవలెను. ఇంట కూర్చుండి పాట వినువారి కీ రాకపోక లేవియు తెలియవు. తెలియకుండుటయే ఆ ఏర్పాటులోని నేర్పు.

కంప్యూటరు లోపల సెకనునకు ఎన్నియో మారులు జరుగు పని ఇట్టిదే. ప్రోగ్రాము తనకు కావలసిన పుటను అడుగును. ఆ పుట శీఘ్రస్మృతిలో లేకపోవును. దీనికి పేజీ ఫాల్టని పేరు. ఫాల్టనగా దోషమని మనకు తోచును గాని, ఇచ్చట చాల సందర్భములలో ఎవరి దోషమును లేదు. అది ఒక పిలుపు మాత్రమే.

ఈ పద్ధతిని మొట్టమొదట ఆచరణలో పెట్టినది ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయము. టామ్ కిల్బర్న్ నాయకత్వమున నిర్మింపబడిన అట్లాస్ యంత్రము 1962 డిసెంబరు 7వ తేదీన ప్రారంభమైనది. దాని శీఘ్రస్మృతిలో 16,384 గళ్లు మాత్రమే కలవు. తిరుగుచుండు అయస్కాంతపు డ్రమ్ములలో అంతకు ఆరు రెట్లు పట్టును. కాని శీఘ్రస్మృతి రెండు మైక్రో సెకన్లలో బదులు పలుకగా, డ్రమ్మునుండి సమాచారము వచ్చుటకు సగటున సుమారు ఆరు మిల్లీ సెకన్లు పట్టును. అనగా మూడువేల రెట్ల ఆలస్యము. అంతకుముందు ఏది ఎప్పుడు ఎచ్చటికి మార్చవలెనో ప్రోగ్రాము వ్రాయువారే లెక్క చూచుకొనవలసివచ్చెడిది.

కిల్బర్న్ బృందము ఆ భారమును యంత్రమున కప్పగించినది. స్మృతిని 512 గళ్ల పుటలుగా విభజించి, శీఘ్రస్మృతిలోని 32 స్థానములకును ఒక్కొక్క గుర్తుపలక వంటి రిజిస్టరు నేర్పరచిరి. అడిగిన పుట ఈ 32లో ఎచ్చటను లేనిచో, యంత్రము ప్రోగ్రామును నిలిపి పర్యవేక్షక ప్రోగ్రామును పిలుచును. అది ఎప్పుడును ఒక స్థానమును ఖాళీగా ఉంచుకొని, అందులోనికి పుటను రప్పించును. పిమ్మట, గడచిన వాడుకను పరిశీలించి, ఇక చాలకాలము అవసరపడదని తోచిన పుటను డ్రమ్మునకు పంపివేయును. ప్రోగ్రాము ఆగినచోటనే, ఆ ఆదేశముతోనే, తిరిగి ఆరంభమగును. తాను ఆగిన సంగతియే దానికి తెలియదు.

నేటి యంత్రములలోను మూలసూత్రము ఇదే. ఇంటెల్ జాతి ప్రాసెసర్లలో, ఫాల్టునకు కారణమైన చిరునామా సీఆర్2 అను రిజిస్టరున నిలుచును. పుట లేకపోయినదా, ఉండియు అనుమతి లేకపోయినదా, అడిగినది చదువుటకా, వ్రాయుటకా అను వివరములు దానికి తోడుగా అందును. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమునకు హృదయమైన కెర్నెల్ రెండు ప్రశ్నలు వేసికొనును. ఈ చిరునామా ఈ ప్రోగ్రామునకు చెందినదేనా? చెందినచో, ఈ విధముగా వాడుటకు దానికి హక్కు కలదా?

రెంటికిని అవునని సమాధానము వచ్చినచో పుటను సమకూర్చును. అది డిస్కుపై నున్నచో తెప్పించును. క్రొత్తగా కోరినదైనచో సున్నలతో నింపిన పుటను ఇచ్చును. సున్నలతో నింపుట వ్యర్థమైన శ్రమ కాదు. ఆ స్థానమును ఇంతకుముందు వాడినవారి రహస్యపదమో, ఉత్తరమో అందు మిగిలియుండవచ్చును. హక్కు లేదని తేలినచో కెర్నెల్ నిరాకరించును. లినక్సులో సామాన్యముగా ఆ ప్రోగ్రాము సెగ్మెంటేషన్ ఫాల్టను వార్తతో అంతటితో ముగిసిపోవును.

ఈ విచారణలో పొరపాటు జరిగినచో నష్టమెంతటిదో 2016 అక్టోబరులో బయటపడినది. ఒకే పుటను పలువురు చదువుకొనుచుండగా, అందొకరు వ్రాయబూనినచో కెర్నెల్ వారికి వేరుగా ఒక ప్రతి తీసి ఇచ్చును. మూలము చెక్కుచెదరదు. లినక్సులో ప్రతి తీయుటకును, దానిపై వ్రాయుటకును నడుమ అతిస్వల్పమైన వ్యవధి ఉండెడిది. ఆ వ్యవధిలో ప్రోగ్రాములోని మరియొక పాయ ఆ ప్రతిని పారవేసినచో, కెర్నెల్ మరల ప్రయత్నించునప్పుడు వ్రాయుటకు అడిగిన సంగతి మరచి, మూలపుటనే చేతికిచ్చెడిది. చదువుటకు మాత్రమే అనుమతిగల వ్యవస్థ ఫైళ్లను సామాన్యుడు మార్చి, యంత్రమునకు సర్వాధికారి కాగలిగెను. 2007లో వెలువడిన కూర్పునుండియు ఈ లొసుగు అందు దాగియుండెను. దీనికి డర్టీ కౌ అను పేరు వచ్చినది. ప్రతి తీసిన సంగతిని తెలుపు గుర్తును విడిగా ఉంచుకొనునట్లు చేసి దానిని సరిదిద్దిరి.

మూల మెవరిది, ప్రతి ఎవరిది అనునది రెప్పపాటు కాలము మరచినంతనే ఇంత అనర్థము కలిగినది. భాండారి చురుకుగా నడచిన చాలదు. ఎవరికి ఏది ఈయవచ్చునో కడవరకు జ్ఞప్తియం దుంచుకొనవలెను.

మీ చేతిలోని ఫోనులో ఒక ప్రోగ్రాము హఠాత్తుగా మూతపడినపుడు విసుగు కలుగుట సహజమే. కాని తక్కినవన్నియు యథాప్రకారము నడచుచున్నచో ఒక్క క్షణ మాలోచింపుడు. తనది కాని పుటకు చేయిచాచిన ప్రోగ్రామునకు లోపల కావలివాడు కాదని చెప్పియుండవచ్చును. అట్లయినచో ఆ నిరాకరణము వలననే మీ తక్కిన పుటలు భద్రముగా నున్నవి.