క్రైస్తవ విశ్వాసమున కరుణయు న్యాయమును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసపాఠము)



కరుణ, న్యాయము అను రెండు మాటలును ప్రతి గ్రామమునందును నిత్యము వినబడునవే. రచ్చబండకడ న్యాయము కావలెనని గట్టిగా అడిగినవాడే, తన తప్పు బయటపడిన దినమున దయ చూపుడని వేడుకొనును. ఎదుటివాని తప్పునకు న్యాయమును, తన తప్పునకు దయను కోరుట మానవ స్వభావము. మనుష్యుల మధ్యనే ఇంత చిక్కుగానున్న ఈ విషయము దైవమునుగూర్చి ఆలోచించునప్పుడు మరింత గహనమగును. దేవుడు న్యాయవంతుడైనచో పాపిని ఎట్లు క్షమించును? కరుణామయుడైనచో ఎవనినైనను ఎట్లు శిక్షించును? తన యిష్టము చొప్పున కొందరిని ఎన్నుకొనునేని, తక్కినవారి గతి ఏమి? క్రైస్తవ మతమున ఈ మూడు ప్రశ్నలును దాదాపు రెండువేల సంవత్సరములుగా చర్చింపబడుచున్నవి. తెలుగు బైబిలునందు ఈ దైవికమైన ఎన్నికకు ఏర్పాటు అను మాట వాడబడినది. ఏర్పాటనగా ఇచ్చట సభకో పెండ్లికో చేయు సన్నాహము కాదు. పలువురిలోనుండి ఏరి తీసికొనుట అని అర్థము.

ఈ ప్రశ్నలకు ద్వారము వంటిది మత్తయి సువార్త 20వ అధ్యాయమునందు యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానము. తోట యజమానుడొకడు తెల్లవారగనే వీధికి పోయి, దినమునకు ఒక దేనారము కూలి ఒప్పుకొని, కొందరిని పనికి పంపెను. దేనారమనునది రోమను వెండి నాణెము. ఆ కాలమున కూలివాని ఒక దినపు కష్టమునకు వాడుకగా ఇచ్చు వెల. యజమానుడు అంతటితో ఆగక ఉదయము 9 గంటలకును, మధ్యాహ్నము 12 గంటలకును, పిమ్మట 3 గంటలకును పోయి మరికొందరిని పిలిచెను. సాయంకాలము 5 గంటల వేళ పోగా అప్పటికిని కొందరు ఊరక నిలిచియుండిరి. ఏల నిలిచితిరని అడుగగా, తమ్మునెవ్వరును పనికి పిలువలేదనిరి. వారిని కూడ తోటకు పంపెను. ప్రొద్దు క్రుంకిన పిమ్మట, కడపట వచ్చినవారు మొదలుకొని అందరికిని తలకొక దేనారము చొప్పున ముట్టినది.

తెల్లవారినది మొదలు ఎండలో నడుము వంచినవారు సణిగిరి. నాట్లు వేసినవారికిని, కలుపు తీసినవారికిని ఆ సణుగుడు సహజముగనే తోచును. గంట సేపు పనిచేసినవానికిని పగలెల్ల పనిచేసినవానికిని ఒకే కూలియా? అయితే యజమానుడు చెప్పిన సమాధానము పరిశీలింపదగినది. ఒప్పుకొన్న కూలిలో అతడు గవ్వయైనను తగ్గింపలేదు. కావున అన్యాయము జరుగలేదు. తన సొమ్మును తన యిష్టము చొప్పున ఇచ్చుటకు అతనికి అధికారము కలదు. అది అతని స్వాతంత్ర్యము. అతడు మంచివాడైనందుకు ఇతరుల కంటికి కష్టమేల? అది అతడు వేసిన ప్రశ్న. ఆ స్వాతంత్ర్యమును యజమానుడు దేనికి వినియోగించెనో గమనింపవలెను. కూలి ఎగవేయుటకు కాదు, అర్హతకు మించి ఇచ్చుటకు. మోషే ధర్మశాస్త్రమున, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమునందు, కూలివాడు బీదవాడు గనుక ప్రొద్దు క్రుంకకమునుపే వానికి కూలి ముట్టవలెనను ఆజ్ఞ కలదు. గంట కూలితో ఆ రాత్రి ఇంటిల్లిపాది కడుపు నిండదు. యజమానుడు పనిని గాక ఆకలిని కొలిచెనని కూడ ఈ కథకు అర్థము చెప్పవచ్చును.

అయినను ఒక ఆక్షేపణ మిగిలియున్నది. ఆ కథలో కూలి దొరకనివాడు ఒక్కడును లేడు. అందరికిని దేనారము ముట్టినది. దేవుడు కొందరిని ఏర్పరచుకొని కొందరిని విడిచెనని చెప్పునప్పుడు విషయము అంత సులభముగా తేలదు.

ఈ కష్టమును దాచక ఎదుర్కొన్నవాడు అపొస్తలుడైన పౌలు. ఆయన సుమారు 57వ సంవత్సరమున కొరింథునుండి రోమా నగరమందలి విశ్వాసులకు వ్రాసిన పత్రికలో 9, 10, 11 అధ్యాయములు ఈ విషయమునకే చెందినవి. అవి తీరికగా కూర్చుండి చేసిన తర్కము కావు. తన స్వజనులైన యూదులలో పెక్కుమంది యేసును అంగీకరింపలేదను దుఃఖముతో ఆయన వానిని వ్రాసెను. వారి మేలుకొరకు తాను శాపగ్రస్తుడగుటకైనను వెనుదీయననునంతవరకు పోయెను. ఆ దుఃఖమును మరచి ఆ అధ్యాయములను చదివినచో వాని అర్థము తలక్రిందులగును. కవలలైన యాకోబు, ఏశావులు పుట్టకమునుపే, మేలుగాని కీడుగాని చేయకమునుపే, చిన్నవాడు ఎన్నుకొనబడెనని పౌలు జ్ఞాపకము చేయును. అట్లయినచో దేవునియందు అన్యాయము కలదా అని తానే అడిగి, ఎంతమాత్రమును లేదని తానే బదులు చెప్పును. ఎవరిని కరుణింపవలెనో అది తన యిష్టమని దేవుడు మోషేకు తెలిపిన సంగతిని ఎత్తిచూపును. మట్టిమీద కుమ్మరికి అధికారము లేదా అని కూడ ప్రశ్నించును.

ఈ రెండు ఆధారములును పాత నిబంధనలో ఏ సందర్భమునకు చెందినవో చూచినచో కొంత చీకటి తొలగును. నిర్గమకాండము 32వ అధ్యాయమున ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసికొని పూజించిరి. కొందరు శిక్షకు గురియైరి. న్యాయము చొప్పున జనమంతయు నశింపవలసినదే. మోషే వారికొరకు ప్రాధేయపడెను. దేవుడు ఆ జనమును విడువక వారితోకూడ వచ్చుటకు సమ్మతించిన పిమ్మట, 33వ అధ్యాయమునందు, కరుణించుట తన యిష్టమని పలికెను. కావున ఆ మాట శిక్షకు ముందు వినిపించిన బెదిరింపు కాదు, క్షమాపణతో వెలువడిన మాట. ఇక కుమ్మరి కథ యిర్మీయా గ్రంథము 18వ అధ్యాయమునందలిది. సారెమీద పాత్ర చెడిపోయినప్పుడు ఆ కుమ్మరి మట్టిని పారవేయలేదు. దానితోనే మరియొక పాత్రను చేసెను. ఏ జనమైనను చెడును విడిచి మరలినయెడల, దేవుడు చేయదలచిన కీడును మానుకొనునని అచ్చటనే చెప్పబడినది. పౌలు కూడ 11వ అధ్యాయము చివర, అందరును అవిధేయతలో చిక్కియున్నది అందరిపైనను కరుణ చూపబడుటకే అను నిర్ణయమునకు వచ్చును. ఆ అందరు అను మాట ఎంతవరకు వ్యాపించునను విషయమున క్రైస్తవులలో నేటికిని భిన్నాభిప్రాయములు కలవు.

ఎన్నుకొనబడుట సుఖముగా కూర్చుండుటకు కాదనునది కూడ బైబిలు బోధయే. ఆదికాండము 12వ అధ్యాయమున అబ్రాహాము పిలువబడినది భూమిమీది వంశములన్నియు అతని మూలమున దీవెన పొందుటకు. ఆమోసు ప్రవక్త, ఏర్పరచుకొనబడిన జనము కనుకనే వారి దోషములకు లెక్క అడుగబడునని హెచ్చరించెను. ఇంటి పెద్దకొడుకునకు అధికారముకంటె బరువు ఎక్కువైనట్లు, ఏర్పాటు కూడ ఒక బరువే.

పిమ్మటి శతాబ్దములలో ఈ విషయము పెద్ద వివాదమైనది. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్పు అగస్టీను (354–430) మానవుని చిత్తము పాపముచేత బలహీనమైనదనియు, దేవుని కృప ముందుగా చేయి చాచనిదే వాడు లేవలేడనియు బోధించెను. బ్రిటనునుండి రోముకు వచ్చిన పెలాగియస్, ఆజ్ఞ ఇచ్చిన దేవుడు దానిని నెరవేర్చు శక్తిని కూడ ఇచ్చియుండవలెననియు, లేనిచో ఆజ్ఞయే అన్యాయమగుననియు వాదించెను. 418లో కార్తేజి నగరమున కూడిన సభ పెలాగియస్ పక్షమును ఖండించెను. అయితే 529లో, నేటి ఫ్రాన్సు దేశమునందలి ఆరంజి పట్టణమున కూడిన సభ, కృపయే ముందనుదానిని స్థిరపరచుచు, దేవుడు ఎవనినైనను చెడుగునకై ముందుగా నియమించెననుటను తీవ్రముగా నిరాకరించెను.

ఈ వాదము తెలుగు పాఠకులకు బొత్తిగా క్రొత్తది కాదు. శ్రీవైష్ణవులలో వడగలవారు మర్కటకిశోర న్యాయమును, తెంగలవారు మార్జాలకిశోర న్యాయమును చెప్పుదురు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనవలెను. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. రెండు మతముల సిద్ధాంతములు ఒకటి కావు. అయినను జీవుని ప్రయత్నమెంత, దేవుని దయ యెంత అను ప్రశ్న ఒకచోటనే పుట్టినది కాదని దీనివలన తెలియుచున్నది.

యూరపులో 16వ శతాబ్దపు మతసంస్కరణ కాలమున జాన్ కాల్విన్ (1509–1564) ఈ ఏర్పాటు సిద్ధాంతమును కఠినముగా వివరించెను. కొందరు జీవమునకును, కొందరు నాశనమునకును దేవునిచే నియమింపబడిరని ఆయన బోధ. హాలెండులో యాకోబ్ ఆర్మీనియస్ (1560–1609) దానికి ఒప్పుకొనక, దేవుడు అందరికిని కృపను చూపుననియు, దానిని త్రోసిపుచ్చుట మనుష్యునికి సాధ్యమేననియు చెప్పెను. 1618–1619లో డార్ట్ పట్టణమున జరిగిన మహాసభ ఆర్మీనియస్ అనుచరులను తప్పుపట్టెను. మతవాదమునకు రాజకీయము తోడైనది. ఆ అనుచరులకు అండగానుండిన రాజనీతిజ్ఞుడు యోహాన్ ఫాన్ ఓల్డెన్‌బార్నెఫెల్ట్‌నకు 1619 మే నెలలో, తన 71వ యేట, శిరచ్ఛేదము జరిగినది. పండితుడైన హ్యూగో గ్రోషియస్‌నకు యావజ్జీవ ఖైదు విధింపబడినది. 1621లో ఆయన, భార్య చేసిన ఉపాయముచేత, పుస్తకములను మోయు పెట్టెలో దాగి కోటనుండి తప్పించుకొనెను. దేవుని కరుణనుగూర్చి వాదించినవారు ఒకరిపై ఒకరు కరుణ చూపలేకపోయిరనుట విచారింపవలసిన సంగతి.

ఇంగ్లండులో ఇంతకంటె మేలైన ఉదాహరణ కలదు. జాన్ వెస్లీ 1739లో ఏర్పాటు సిద్ధాంతమును ఖండించుచు ఒక ప్రసంగమును ప్రకటించెను. ఆయన స్నేహితుడు జార్జి విట్‌ఫీల్డ్ దానికి ఎదురు సమాధానము వ్రాసెను. ఇద్దరికిని ఎడబాటు కలిగినది. కాలక్రమమున మైత్రి మరల కుదిరినది. సిద్ధాంతభేదము మాత్రము అట్లే యుండెను. 1770లో విట్‌ఫీల్డ్ మరణింపగా లండనులో ఆయన సంస్మరణ ప్రసంగమును చేసినవాడు వెస్లీయే. 1973లో లూథరను సంఘములును, కాల్విన్ మార్గపు సంఘములును యూరపులో ఒక ఒడంబడికకు వచ్చి, ఈ విషయమున పూర్వులు చేసిన పరస్పర ఖండనలు నేటి బోధకు వర్తింపవని అంగీకరించినవి.

ఏర్పాటు అను మాట గర్వమునకు ఆయుధమైన చరిత్రయు కలదు. దక్షిణ ఆఫ్రికాలో డచ్చి రిఫార్ముడ్ సంఘపు కేప్ మహాసభ 1857లో, కొందరి బలహీనతను కారణముగా చూపి, తెల్లవారును నల్లవారును వేరువేరుగా ఆరాధించుటకు అనుమతించెను. తాత్కాలికమైన వెసులుబాటు కాలక్రమమున కట్టుబాటైనది. 1948 పిమ్మట జాతివివక్ష ఆ దేశమున రాజ్యవిధానము కాగా, తాము దేవుడు ప్రత్యేకించిన జనమను భావము దానికి బలము చేకూర్చెను. ఆ భావమును క్రైస్తవ విశ్వాసముతోనే ఎదిరించినవారు కూడ అచ్చటివారే. వేరు చేయబడిన డచ్చి రిఫార్ముడ్ మిషను సంఘము 1982లో బెల్హార్ అనుచోట ఒక విశ్వాసప్రమాణమును రచించి, 1986లో స్వీకరించెను. దేవుడు అన్యాయమునకు గురియైనవారి పక్షమున నిలుచునని ఆ ప్రమాణము సాక్ష్యమిచ్చుచున్నది. ఒకే మాటనుండి కొందరు గోడ కట్టిరి. కొందరు ఆ గోడను పడగొట్టిరి.

న్యాయమును విడువక కరుణించుట ఎట్లను మొదటి ప్రశ్నకు క్రైస్తవులు యేసు సిలువను చూపుదురు. దోషము లేదని దేవుడు కన్నులు మూసికొనలేదు. ఆ దోషభారమును క్రీస్తునందు తానే మోసెను అనునది వారి విశ్వాసము. స్విట్జర్లండు దేశపు వేదాంతి కార్ల్ బార్త్ 1942లో ప్రకటించిన గ్రంథభాగమున ఏర్పాటునకు కూడ ఇదే అర్థము చెప్పెను. ఎన్నుకొనబడినవాడు ఎవడు, త్రోసివేయబడినవాడు ఎవడు అని మనుష్యులను రెండు బారులుగా నిలుపరాదనియు, ఆ రెండు స్థానములలోను క్రీస్తే నిలిచెననియు ఆయన అభిప్రాయము. దీనిని అందరును ఒప్పుకొనలేదు. కాని దేవుని స్వాతంత్ర్యమును దేవుని ప్రేమనుండి విడదీసి చూడరాదను ఆయన హెచ్చరిక పలువురిని ఆలోచింపజేసినది.

కడపట యోనా ప్రవక్త కథను చెప్పుకొనుట యుక్తము. శత్రునగరమైన నీనెవె నశించునని ప్రకటించుటకు అతడు పంపబడెను. మొదట పారిపోయి, తుదకు పోయి ప్రకటించెను. నీనెవె ప్రజలు పశ్చాత్తాపపడగా దేవుడు వారిని క్షమించెను. అందుకు యోనా మిక్కిలి కోపించెను. దేవుడు కఠినుడని కాదు, దయగలవాడని అతని కోపము. తనకు నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోయినందుకు అతడు విలపింపగా, ఎడమకుడి యెరుగని 1,20,000 మంది జనులును, పెక్కు పశువులును గల పట్టణమునుగూర్చి తాను జాలిపడవలదా అని దేవుడు అడిగెను. గ్రంథము ఆ ప్రశ్నతోనే ముగిసినది. యోనా ఏమి బదులు చెప్పెనో వ్రాయబడలేదు. ద్రాక్షతోటలో సణిగిన కూలివాడు తుదకు సంతోషించెనో, దేనారమును చేతబట్టుకొని కోపముతోనే ఇల్లు చేరెనో అదియు వ్రాయబడలేదు. ఒకడు ఎన్నుకొనబడి మరియొకడు ఏల ఎన్నుకొనబడలేదను రహస్యమును ఈ గ్రంథములు విప్పి చెప్పవు. పొరుగువానిపై చూపబడిన దయను చూచి ఓర్చుకొనగలవా అని మాత్రము అవి చదువరిని అడుగును. దానికి బదులు చెప్పుట చదువరి వంతు.