పేరున్న పత్రిక, పనికివచ్చే పత్రిక
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల చరిత్రను నాకంటె బాగా ఎరిగిన పెద్దలు ముందే వివరించారు కనుక, ఏడాదిగా నా మనస్సును కలచివేస్తున్న ఒక విషయాన్ని మీ ముందుంచుతాను. వైద్యవిద్య అభ్యసిస్తున్న మన పిల్లలకు వైద్య పత్రికలు తెప్పించడానికి పూర్వ విద్యార్థుల సంఘం కొంత నిధిని కేటాయించింది. ఏ పత్రికలు మేలైనవో చెప్పమని నన్ను అడిగారు. జీవశాస్త్రం బోధించే నాకు ఇది తలకు మించిన పని. అయినా కాదనలేకపోయాను. కారణం చెబుతాను.

మరమగ్గం మీద బ్రతికే ఒక తండ్రి కుమార్తె పదవ తరగతి వరకు ఇక్కడే తెలుగులో చదువుకుని, నేడు పాథాలజీలో ఎం.డి. చేస్తున్నది. వారంలోగా వ్యాసం ప్రచురిస్తామని, రుసుము పంపమని ఒక పత్రిక వారు ఆమెకు ఉత్తరం వ్రాశారు. పేరులో 'అంతర్జాతీయ' అన్న మాట ఉన్నది. తండ్రి చీటీపాట పాడి ఆ సొమ్ము కట్టాడు. వ్యాసం అచ్చయింది. కాని దానిని పరిశీలించిన నిపుణుడు ఒక్కడూ లేడు. కళాశాలలో దానిని లెక్కలోకి తీసుకోలేదు. ఉపసంహరించుకుంటానంటే మళ్ళీ రుసుము అడిగారు. ఒకసారి ప్రచురితమైన దానిని మంచి పత్రికలు స్వీకరించవు. రెండేళ్ళ శ్రమ ఆ విధంగా వ్యర్థమైపోయింది.

"అచ్చులో ఉన్నది శ్రద్ధగా చదవమని, నమ్మమని మీరే కదా టీచర్ నేర్పారు" అన్నది ఆ అమ్మాయి. నా వద్ద జవాబు లేకపోయింది.

పాథాలజీ అనగానే రక్తపరీక్ష, మూత్రపరీక్ష అని చాలామంది అనుకుంటారు. శరీరం నుండి తీసిన చిన్న ముక్కను మైనంలో పొదిగి, కొద్ది మైక్రాన్ల మందంలో పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని క్రింద చూసి వ్యాధికి పేరు పెట్టడం కూడా ఈ శాస్త్రంలోనిదే. శస్త్రవైద్యుని కత్తి ఆ పేరు కోసం వేచి ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం మా అక్కయ్య మెడలో గడ్డ తీసినపుడు, ఆ ముక్కను చూసిన వైద్యురాలు వెంటనే తేల్చలేదు. "ఇది అరుదుగా కనిపించేదమ్మా, తొందరపడి పేరు పెట్టలేను" అని, ఒక పత్రికలో ఇటువంటి కేసు ఛాయాచిత్రాలను నాకు చూపించి, స్లైడ్లను పెద్ద ఆసుపత్రికి పంపారు. అది కాన్సరు కాదని తేలింది. ఆనాడు మాకు అక్కరకు వచ్చినవి ఆ నాలుగు ఛాయాచిత్రాలే. ఆ పత్రిక పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

పేరు ప్రతిష్ఠల మాటకు వస్తే, బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్చో తన మిత్రుడు రైన్‌హార్ట్‌తో కలసి 1847లో ప్రారంభించిన పత్రిక నేటికీ 'విర్చోస్ ఆర్కివ్' అన్న పేరుతో వెలువడుతున్నది. అప్పటికి విర్చోకు ఇరవై ఐదేళ్ళు. బ్రిటన్‌లో 'జర్నల్ ఆఫ్ పాథాలజీ' 1892 నాటిది. 'అమెరికన్ జర్నల్ ఆఫ్ పాథాలజీ' 1925లో ఆ పేరు ధరించింది. ఈ చివరి రెండూ ప్రధానంగా వ్యాధి ఎందుకు, ఎట్లా కలుగుతుందన్న పరిశోధనకు నిలయాలు. రోజూ స్లైడ్లు చూసి నివేదిక వ్రాయవలసిన వైద్యునికి 1977లో మొదలైన 'అమెరికన్ జర్నల్ ఆఫ్ సర్జికల్ పాథాలజీ', అదే ఏట ఆరంభమైన 'హిస్టోపాథాలజీ', 1988 నాటి 'మోడరన్ పాథాలజీ' ఎక్కువ తోడ్పడతాయని మన డాక్టర్లు చెప్పారు. వీటిలో ఏది ముందు అన్న విషయంలో వారిలో వారికే ఏకాభిప్రాయం కుదరలేదు! మన దేశంలో కనిపించే వ్యాధుల కోసమైతే 'ఇండియన్ జర్నల్ ఆఫ్ పాథాలజీ అండ్ మైక్రోబయాలజీ' చూడాలి. దానిని రుసుము లేకుండానే చదవవచ్చు. క్షయ, కుష్ఠు, పరాన్నజీవుల వ్యాధులు మన వైద్యుని బల్ల మీదికి వచ్చినంతగా విదేశీయుల బల్ల మీదికి రావు కదా.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే అంకెను చూసి పత్రికలకు ర్యాంకులు కట్టడం ఇప్పుడు అలవాటైంది. గడచిన రెండేళ్ళలో ఒక పత్రిక ప్రచురించిన వ్యాసాలను ఈ ఏడాది ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కించి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. రెండేళ్ళే! భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్క్‌తో కలసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ'లో ప్రకటించారు. ఆ వ్యాసాన్ని శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి ఉదహరిస్తూ వచ్చారు. మూడవ ఏట నుండి వచ్చిన గౌరవమేదీ ఈ అంకెకు కనబడదు. పైగా అరుదైన ఒక కేసును చక్కగా వర్ణించిన వ్యాసాన్ని ఎక్కువమంది ఉదహరించరు. మా అక్కయ్య వంటి రోగికి మాత్రం అదే దిక్కు.

చద్దరు కొనేటప్పుడు షోలాపూరులోని మన ఆడవారు చీటీ చూసి ఊరుకోరు, తిరగవేసి నేత చూస్తారు. పత్రికనూ అట్లాగే తిరగవేయాలి. సంపాదకులు నిజంగా ఆ శాఖలో పనిచేసేవారేనా? వ్యాసాన్ని తోటి నిపుణులు పరిశీలించడానికి తగిన వ్యవధి ఉన్నదా? మెడ్‌లైన్ సూచికలో ఎంపికైనదా? పబ్‌మెడ్‌లో ఉచితంగా వెదకవచ్చు, అయితే అక్కడ పేరు కనబడినంత మాత్రాన మెడ్‌లైన్‌కు ఎంపికైనట్లు కాదు. రుసుము అడగడం ఒక్కటే దోషం కాదు, మంచి పత్రికలలో కొన్ని కూడా అడుగుతాయి. వారం రోజుల్లో అచ్చు వేస్తామన్న మాట వింటే మాత్రం వెనుదిరగవలసిందే.

ఇక నిధి సంగతి. కళాశాల గ్రంథాలయాలలో ఏ పత్రికలు ఉన్నాయో తెలుసుకోకుండా చందాలు కట్టవద్దని నా మనవి. 'అమెరికన్ జర్నల్ ఆఫ్ పాథాలజీ' పాత సంపుటాలు పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగానే లభిస్తున్నాయి. మిగిలే సొమ్మును, మంచి పత్రిక అంగీకరించిన మన పిల్లల వ్యాసాల రుసుముకు కేటాయించాలి. అయితే పంపే ముందు మన డాక్టర్లు ఇద్దరు దానిని చదవాలి. సంఘంలో కొందరు దీనికి ఒప్పుకోలేదు. పత్రికలైతే బీరువాలో కనబడతాయి అన్నారు. వారి మాటను తీసివేయను, కాని నా అభిప్రాయం మారలేదు.

ఆ అమ్మాయి రెండవ వ్యాసం వ్రాసింది. చిత్తుప్రతి నా బల్ల మీద ఉన్నది. అందులో సగం నాకు అర్థం కాలేదు. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సైన్సు గదిలో ఇద్దరు డాక్టర్లతో కూర్చుని దానిని చదువుతున్నాము. ఈ శాస్త్రం తెలిసిన పూర్వ విద్యార్థులు ఈ సభలో ఇంకెవరైనా ఉంటే, దయచేసి ఆ గదికి రండి.