ధ్వని, ఊపిరి, రక్తపోటు: ఏది నిజం, ఏది వ్యాపారం

(సంఘం వార్షిక సభ సందర్భంగా ద్రాక్షారామంలో పెట్టిన ఉచిత రక్తపోటు పరీక్షల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టరును కాను. 31 ఏళ్ళు హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారిని. రక్తపోటు గురించి మాట్లాడటానికి మాస్టారు ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం మా ఇంట్లోనే ఉంది. అది ముందు చెబుతాను.

మా భాయిజాన్ రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పన్నెండేళ్ళుగా బి.పి. మాత్ర వేసుకునేవారు. రెండేళ్ళ కిందట ఒకరోజు మా ఇంటికొచ్చి, "తమ్ముడూ, శబ్దానికి ఫ్రీక్వెన్సీ అని ఒకటి ఉంటుందటగా, నిజమేనా?" అని అడిగారు. "నిజమే భాయిజాన్" అన్నాను. "మెదడుకి కూడా ఉంటుందట?" అన్నారు. "అదీ నిజమే, మెదడులో విద్యుత్ తరంగాలుంటాయి" అన్నాను. టీ తాగి వెళ్ళిపోయారు. ఎందుకడిగారో నేను అడగలేదు.

తర్వాత తెలిసింది. వేరే ఊళ్ళో ఎవరో ఒక కోర్సు అమ్ముతున్నారు. హెడ్‌ఫోను పెట్టుకుని రోజూ గంటసేపు ఏదో శబ్దం వింటే బి.పి., షుగరు వాటంతటవే పోతాయని చెప్పారు. డబ్బు కట్టించుకున్నారు. మాత్రలు వేసుకుంటే శబ్దం పనిచెయ్యదనీ చెప్పారు. ఈయన మాత్రలు మానేశారు. "మా తమ్ముడు సైన్సు మాస్టారు, వాడే నిజమన్నాడు" అని మా వదినతో అన్నారట. నలభై రోజులు తిరక్కుండా, ఫజర్‌కు వజూ చేసుకుంటూ కుళాయి దగ్గర పడిపోయారు. నోరు ఒక పక్కకు వెళ్ళింది, కుడిచెయ్యి పడిపోయింది. కాకినాడ తీసుకుపోయాం. అల్లా దయవల్ల ప్రాణం దక్కింది.

నేను చెప్పిన రెండు మాటలూ నిజమే. కానీ ఆ రెండు నిజాల మధ్యలో ఒక అబద్ధాన్ని ఎవరో పెట్టి అమ్మారు. ఆ అబద్ధం ఎక్కడుందో విడదీసి చెప్పడం సైన్సు మాస్టారుగా నా పని. ఆ రోజు చెయ్యలేదు, ఇవాళ చేస్తాను.

ముందుగా ఫ్రీక్వెన్సీ. మన పాఠ్యపుస్తకాల్లో పౌనఃపున్యం అంటాం. ఒక సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందన్నదే ఆ లెక్క. దాని కొలత హెర్ట్జ్. మనిషి చెవికి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినపడుతుంది. మెదడు తరంగాలను తలమీద తీగలు పెట్టి 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు నమోదు చేశాడు. గాఢనిద్రలో అవి సెకనుకు నాలుగు కంటే తక్కువ. కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుంటే ఎనిమిది నుంచి పదమూడు. పనిలో పడితే ఇంకా ఎక్కువ.

పది హెర్ట్జ్ శబ్దం మన చెవికి వినపడదు కదా, మరి ఆ వేగాన్ని మెదడుకు ఎలా అందిస్తారు? దీనికి ఒక చమత్కారం ఉంది. క్లాసులో రెండు శృతిదండాలను కొంచెం తేడాతో మోగిస్తే ధ్వని పెరుగుతూ తగ్గుతూ అలలుగా వినిపిస్తుంది. వాటిని విస్పందనాలంటాం. అలాగే ఎడమ చెవిలో 200, కుడి చెవిలో 210 హెర్ట్జ్ వినిపిస్తే, బయట ఎక్కడా లేని పది విస్పందనాలను మెదడే తయారుచేసుకుని వింటుంది. దీన్ని గమనించినవాడు హైన్‌రిష్ డోవ్ అనే జర్మన్ శాస్త్రవేత్త. ఇది 19వ శతాబ్దం నాటి మాట. ఇప్పుడు హెడ్‌ఫోనుల్లో అమ్మేది ఎక్కువగా ఇదే.

ఇంతవరకు నిజం. ఆ పది విస్పందనాలు వినగానే మెదడంతా పది హెర్ట్జ్‌లకు మారిపోతుందా అన్నదే ప్రశ్న. 2023లో ఈ విషయం మీద వచ్చిన 14 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ఐదు మారుతుందన్నాయి, ఎనిమిది మారదన్నాయి, ఒకటి అటూ ఇటూ చెప్పింది. ఆపరేషన్‌కు ముందు ఇలాంటి శబ్దం విన్నవాళ్ళకు కంగారు కొంత తగ్గిందని చూపిన పరిశోధనలూ ఉన్నాయి. కాబట్టి వింటే పాపమేమీ కాదు. కానీ కంగారు తగ్గడం వేరు, బి.పి. జబ్బు పోవడం వేరు.

ఇక 528 హెర్ట్జ్ శరీరాన్ని బాగుచేస్తుంది, 432 హెర్ట్జ్ ప్రకృతి శృతి అని ఫోన్లలో తెగ తిరుగుతుంటాయి. ఒక్క చిన్న ప్రశ్న వేసుకోండి. సెకను అన్నది ఎవరు పెట్టారు? మనిషే. రోజును 86,400 ముక్కలు చేసి ఒక ముక్కకు సెకను అని పేరు పెట్టాడు. లక్ష ముక్కలు చేసుకుని ఉంటే ఆ 528 అనే అంకె మారిపోయేది. మన కొలతబద్ద మీద ఉన్న అంకెకి మన ఒంట్లో మహిమ ఎలా వస్తుంది?

ఇంకో సంగతి. మన దక్షిణాది సంగీతంలో షడ్జం ఫలానా అంకె దగ్గరే ఉండాలన్న నియమం లేదు. ఎవరి గొంతుకు తగ్గ శృతి వారు పెట్టుకుంటారు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరానికే పేరు తెచ్చారు, 1998లో సంగీత కళానిధి అయ్యారు. గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు మరణానంతరం 2022లో పద్మశ్రీ వచ్చింది. ఈ మన మహానుభావులు నాదస్వరం వాయిస్తే గుడి ముందు నిలబడ్డ జనం కళ్ళు చెమర్చాయి. హెర్ట్జ్ మీటరు ఎవరూ పట్టుకోలేదు. మన ఊళ్ళో మసీదు అజాన్, భీమేశ్వరస్వామి గుడి గంట, బాజీ ఔలియా దర్గాలో చదివే ఫాతిహా, ఈ మూడూ విని పెరిగినవాళ్ళం మనం. ఒకదాని శృతి ఇంకోదానితో కలవదు. అయినా ప్రతిదీ మనసును నెమ్మదిపరుస్తుంది.

మరి నెమ్మదిపరిచేది ఏది? శబ్దం కూడా కొంత. కానీ ఒంటి మీద కొలిచి చూపగలిగింది ఊపిరి. ఇది ఇప్పుడే మీకు చూపిస్తాను. ఎడమ మణికట్టు మీద కుడిచేతి రెండు వేళ్ళు పెట్టి నాడి పట్టుకోండి. నెమ్మదిగా ఊపిరి పీల్చండి. నాడి కొంచెం త్వరపడుతుంది. ఇప్పుడు నిదానంగా వదలండి. నాడి నెమ్మదిస్తుంది. వయసులో ఉన్న పిల్లలకు ఇది బాగా తెలుస్తుంది, మాబోటి ముసలివాళ్ళకు తక్కువ.

ఎందుకిలా జరుగుతుంది? మెదడు అడుగు నుంచి గుండెకు, కడుపుకు దిగే పెద్ద నాడి ఒకటుంది. దాని పేరు వేగస్ నాడి. గుండెకు అది సైకిలు బ్రేకు లాంటిది. ఊపిరి వదిలేటప్పుడు ఆ బ్రేకు పడుతుంది. అలాగే మెడలోని పెద్ద రక్తనాళంలో రక్తపోటును కనిపెట్టే కాపలా నరాలున్నాయి. పోటు పెరిగితే అవి మెదడుకు కబురు పంపుతాయి, మెదడు గుండెను నెమ్మదించమంటుంది. ఈ కాపలా చురుగ్గా ఉంటే రక్తపోటు అదుపులో ఉంటుంది.

మామూలుగా కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. ఇటలీకి చెందిన బెర్నార్డి అనే డాక్టరు, ఆయన తోటివారు 23 మంది చేత క్రైస్తవుల జపమాల ప్రార్థన చేయించారు, ఒక బౌద్ధ మంత్రమూ జపింపజేశారు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం వచ్చింది. రెండింటిలోనూ ఊపిరి తనంతట తానే నిమిషానికి సుమారు ఆరుకు తగ్గింది, కాపలా నరాల చురుకు పెరిగింది. యూరప్‌కి జపమాల అరబ్బుల నుంచి వెళ్ళిందనీ, అరబ్బులకు అది టిబెట్, ఇండియా నుంచి వచ్చిందనీ వాళ్ళు ఆ వ్యాసంలో రాశారు. తస్బీహ్, జపమాల, రోజరీ మూడూ ఒకే దారాన ఉన్నాయన్నమాట.

నిమిషానికి ఆరు అంటే పది సెకన్లకు ఒక ఊపిరి. హెర్ట్జ్‌లలో చెప్పాలంటే 0.1. అసలు పనిచేసే ఫ్రీక్వెన్సీ అదీ! దానికి హెడ్‌ఫోను అక్కర్లేదు, అది మన రొమ్ములోనే ఉంది.

మనవాళ్ళకు ఇది కొత్త కాదు. ఖురాన్‌ను తర్తీల్‌తో, అంటే నిదానంగా, స్పష్టంగా చదవాలని మనకు చిన్నప్పుడే నేర్పుతారు. మద్ ఉన్నచోట అక్షరాన్ని సాగదియ్యాలి, వఖ్ఫ్ ఉన్నచోట ఆగి ఊపిరి తీసుకోవాలి. ఒక ఆయత్ పొడుగునా ఊపిరి నెమ్మదిగా బయటికి పోతుంది. కానీ మనలో చాలామందిమి నమాజు అయ్యాక తస్బీహ్ పూసల్ని కాకినాడ బస్సు వెళ్ళిపోతోందన్నట్టు తిప్పేస్తాం. నేనూ అంతే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇబాదత్ అల్లా కోసం, బి.పి. కోసం కాదు. దాన్ని మిషనుతో కొలవకూడదు. నిదానంగా చేస్తే ఒంటికీ మేలు జరుగుతుందన్నది పైన దొరికే కొసరు.

ఆ కొసరు ఎంత? ఇక్కడే నిజాయితీగా ఉండాలి. ఊపిరిని నెమ్మదింపజేయడానికి స్వరాలు వినిపించే యంత్రం ఒకటి ఉంది. అమెరికాలో దానికి 2002లో అనుమతి ఇచ్చారు. అందులో కూడా శబ్దం దారి చూపేదే, పని చేసేది ఊపిరే. అక్కడి గుండె వైద్యుల సంఘం 2013లో అలాంటి పద్ధతులన్నీ పరిశీలించి, మామూలు వైద్యానికి తోడుగా దీన్ని వాడుకోవచ్చంది. నడక వంటి వ్యాయామానికి అంతకంటే పై స్థానమిచ్చింది. ఊపిరి వల్ల తగ్గేది కొద్ది పాయింట్లే. 180 ఉన్న పోటును అది 120కి తేలేదు. మాత్ర బరువు మోస్తుంటే ఊపిరి చెయ్యి వేసి సాయపడుతుంది. మాత్రను తీసేసి అంత బరువూ ఊపిరి మీద పెడితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

ఇంటి దగ్గర ఎలా చెయ్యాలో చెబుతాను. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. లెక్క బదులు మీకిష్టమైన నామం స్మరించుకోవచ్చు. బిగబట్టొద్దు, బలవంతం చెయ్యొద్దు. రోజుకు పది నిమిషాలు చాలు. తల తిరిగితే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. పాట వింటూ చేస్తానంటే వినండి, సౌండు మాత్రం తక్కువ పెట్టండి. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే ఒక టీస్పూను లోపే. ఆవకాయ, ఎండుచేప లేనిదే ముద్ద దిగని గోదావరి వాళ్ళం. ఈ మాట మనకే ఎక్కువ అవసరం.

యువకులకు ఒక మాట. ఈ ఫోను ప్రకటనలు పెద్దవాళ్ళకు మీకంటే ఎక్కువ నిజంగా కనిపిస్తాయి. రక్తపోటు, మధుమేహం, పక్షవాతం నయం చేస్తామని మందులకూ మహిమలకూ ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో నేరం. ఇంట్లో అబ్బాజాన్, అమ్మీ, నానీ ఎవరైనా "ఇది నిజమేనా" అని అడిగితే నాలాగా ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకోకండి. "ఎందుకడుగుతున్నారు?" అని ఇంకో ప్రశ్న వెయ్యండి. ఎవరైనా మాత్రలు మానెయ్యమంటే, అక్కడితో ఆ మనిషి మాట వినడం మానెయ్యండి.

భాయిజాన్ ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. కుడిచెయ్యి ఇంకా తస్బీహ్ పట్టలేదు, ఎడమచేత్తో తిప్పుతారు. మాట నిదానంగా వస్తుంది. మగ్రిబ్ తర్వాత నేను వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఇద్దరం నెమ్మదిగా, ఒక్కో పూసకి ఒక్కో ఊపిరిగా జిక్ర్ చేసుకుంటాం. అంతకు ముందు మా వదిన మంచినీళ్ళ గ్లాసు, మాత్ర తెచ్చి ఇస్తుంది. ఆయన మింగాకే మొదలుపెడతాం.

ఈ హాలు చివర మన సంఘం వాళ్ళు రక్తపోటు చూసే బల్ల వేశారు. భోజనాలకు వెళ్ళే ముందు అందరూ ఒకసారి చెయ్యి చాపండి. 140 బై 90 దాటి వచ్చినవాళ్ళు ఆ చీటీ జేబులో పెట్టుకుని మర్చిపోకుండా ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మాత్ర మానేసినవాళ్ళు ఎవరైనా ఈ సభలో ఉంటే సిగ్గుపడకుండా నా దగ్గరకు రండి. మీతో పాటు నేనూ డాక్టరు దగ్గరకు వస్తాను.

అల్లా మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. సెలవు.