మేస్త్రీ తాడు, రోబో చెయ్యి, తాలుకాయ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

రోబోల గురించి రెండు మాటలు చెప్పమన్నారు. వెనక వరసల్లో ఇప్పటి పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి మన బళ్ళో నేర్చిన లెక్కతోనే మొదలుపెడతాను.

పైథాగరస్ సిద్ధాంతం చెప్పిన రోజున మా లెక్కల మాస్టారు మమ్మల్ని బయటికి తీసుకెళ్ళి గోడ కడుతున్న మేస్త్రీని చూపించారు. ఆయన తాడుతో ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు కొలిచి, ఎదురుగా 5 వచ్చేదాకా సర్దాడు. మూల కుదిరింది.

రోబో చేతికి భుజం నుంచి మోచేతి దాకా 40 సెంటీమీటర్లు, అక్కణ్ణుంచి వేళ్ళ దాకా 30 అనుకోండి. భుజానికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మిరపకాయను అందుకోవాలంటే మోచేతి దగ్గర కోణం ఎంతుండాలి? సరిగ్గా 90 డిగ్రీలు. అదే 3-4-5. కాయ 45కి జరిగితే ఇంటర్లో చదివే కొసైన్ సూత్రం కావాలి. మోచెయ్యి పైకి పెట్టి అందుకోవచ్చు, కిందికి పెట్టీ అందుకోవచ్చు. సమీకరణం రెండు జవాబులూ ఇస్తుంది. కొమ్మకు తగలనిది మనం ఎంచుకోవాలి.

ఇంతే అనుకుని కొన్నేళ్ళ కిందట మా బాబాయి చేలోకి అలాంటి చెయ్యొకటి తెచ్చాను. ఆఫీసులో ప్లాస్టిక్ మొక్క మీద ఒక్క కాయా తప్పలేదు. చేలో గాలికి కాయ ఊగింది. చెయ్యి లెక్క ప్రకారమే వెళ్ళింది, కాయ అక్కడ లేదు. రెండోసారి పచ్చికాయలతో సహా కొమ్మ విరిగొచ్చింది. బాబాయి ఏమీ అనలేదు. కొమ్మ తీసి గట్టు మీద పెట్టాడు. ఇప్పటికీ ఆ కొమ్మే గుర్తొస్తుంది.

చూడటం, వినటం యంత్రానికి నేర్పే పనిని 1960లలోనే చేపట్టినవారు మన తెలుగువారు, రాజ్ రెడ్డి గారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. గిండీలో చదివింది సివిల్ ఇంజనీరింగు, అంటే మేస్త్రీ తాడు ఆయనకూ తెలిసే ఉంటుంది! కృత్రిమ మేధకు ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో 1966లో పీహెచ్‌డీ చేశారు. 1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

కోత పక్కనపెట్టి మేము తాలు ఏరే పని పట్టుకున్నాం. ఏది తాలుకాయో సూత్రం రాయలేం. తెల్లమచ్చ ఎంతుంటే తాలు? కల్లంలో కూర్చునే ఆడవాళ్ళకు చూడగానే తెలుస్తుంది, చెప్పమంటే చెప్పలేరు. అందుకే వేలకొద్దీ ఫొటోలు చూపించి వాళ్ళచేతే గుర్తులు పెట్టించాం. యంత్రం ఆ గుర్తులతో తన అంచనా పోల్చుకుంటూ, తప్పినప్పుడల్లా లోపలి అంకెలను కొంచెం కొంచెం సర్దుకుంటుంది. మేస్త్రీ తాడు సర్దినట్టే, కాకపోతే లక్షల తాళ్ళు.

ఇది మా అమ్మకు చెబితే, "వాళ్ళు దానికి నేర్పితే, రేపు వాళ్ళకు పనెవరిస్తార్రా?" అంది. నా పదో తరగతి పరీక్ష ఫీజు అమ్మ తాలు ఏరిన కూలి డబ్బే. చేతుల మంటకు ఆ రాత్రుళ్ళు నిద్రపోయేది కాదని కూడా నాకు తెలుసు. జవాబు చెప్పలేకపోయాను. గుర్తులు పెట్టినవాళ్ళకు కోతకూలి కన్నా ఎక్కువే ఇప్పించాం, కానీ అది ఒక్క సీజను పని.

వాళ్ళ పిల్లల్లో కొందరు ఈ బళ్ళోనే చదువుతున్నారు. హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే వేసవి సెలవుల్లో వారం రోజులు వచ్చి పాఠాలు చెబుతాను. ఆ కొమ్మ విరిచిన చెయ్యి కూడా తెస్తాను, పిల్లలు విప్పి చూసుకోవచ్చు.