టీచరు పెన్సిలు తాకని బొమ్మ



మన బడుల్లో వార్షికోత్సవం దగ్గరపడిందంటే డ్రాయింగు మాస్టారికి కంటిమీద కునుకుండదు. తల్లిదండ్రులు వచ్చేసరికి గోడలు కళకళలాడాలి. అందుకని వంకర గీతలు దిద్దుతాం, హద్దు దాటిన రంగును సర్దుతాం, చివర్లో స్కెచ్ పెన్నుతో ఔట్‌లైన్ లాగేస్తాం. చూసినవాళ్లంతా భలే ఉందంటారు. వేసిన పిల్ల మాత్రం తన బొమ్మ ఏదో తెలియక వెతుక్కుంటుంది.

మూడేళ్ల పిల్ల చేతికి క్రేయాన్ ఇచ్చి పక్కన కూర్చోండి. మొదట్లో చెయ్యి భుజం నుంచి ఊగుతుంది, గీతలు కాగితం దాటి గచ్చు మీద కూడా పడతాయి. కొన్నాళ్లకు గీత గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. ఒకరోజు అది బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది. ఆ సున్నాలో రెండు చుక్కలు పెట్టి, కింద రెండు కాళ్లు దింపి, "అమ్మ" అంటుంది. పొట్ట ఏదని మనం అడుగుతాం! గీతను సరిగ్గా బయల్దేరిన చోటే ఆపడానికి కన్నూ వేళ్లూ ఎంత కష్టపడ్డాయో కాగితం మీద కనిపించదు. అమెరికాలో పరిశోధకురాలు రోడా కెల్లాగ్ లక్షల సంఖ్యలో పిల్లల బొమ్మలు పోగుచేసి, మనం కోడి గెలికినట్టున్నాయనే ఆ గీతల్లో ఇరవై మూలరూపాలను గుర్తించారు.

వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లోనే పిల్లల కోసం ప్రత్యేకంగా కళాతరగతి తెరిచారు. నకలు చేయించే పద్ధతిని పక్కన పెట్టారు. అయితే ఆ పిల్లల బొమ్మలు 1920ల్లో బ్రిటన్ అంతా ప్రదర్శనలకు తిరిగి మెప్పు పొందాక, వాటన్నిటిదీ ఒకటే శైలి అన్న విమర్శ కూడా వచ్చింది. పిల్లల బొమ్మ ఇలాగే ఉండాలని ఆశించడమూ ఒక అచ్చే. ఈ జాగ్రత్త మనకూ అవసరం.

మన దేశంలో నాకు ఆదర్శం దేవీప్రసాద్. శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, 1944లో సేవాగ్రామ్‌లో, పని ద్వారా చదువు నేర్పే నయీ తాలీమ్ బడిలో కళోపాధ్యాయుడిగా చేరారు. చదువుకు కళే పునాది కావాలని ఆయన వాదించారు.

అలాగని పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయమని నేననను. కుంచె ఎలా కడగాలో, రంగులో నీళ్లు ఎన్ని కలపాలో నేర్పాల్సిందే. కానీ "గేదె రావట్లేదు సార్" అని పిల్లాడు వస్తే మనం బోర్డు మీద గేదెను గీయకూడదు. కొమ్ము ఎటు వంపు తిరిగింది, నిలబడ్డప్పుడు మోకాలు ఎక్కడుంటుంది అని అడగాలి. వీలైతే ఊళ్లోకి తీసుకెళ్లి చూపించాలి. వాడి కాగితాన్ని మన పెన్సిలు తాకకూడదు.

ఈ ఏడాది ప్రదర్శనలో ప్రతి బొమ్మ పక్కనా, దానికి ముందు పిల్లలు వేసి వదిలేసిన కాగితాలు కూడా అంటిద్దాం. అయిదో తరగతి లోపు ఫస్టు, సెకండు బహుమతులు ఎత్తేద్దాం. తల్లిదండ్రులకు ఒక్క మనవి: బొమ్మ తెచ్చి చూపిస్తే "ఏంటిది?" అనకండి. "ఎలా వేశావో చెప్పమ్మా" అని అడగండి. చెప్పడానికి అరగంట పట్టినా కూర్చుని వినండి.