బంతిలో గాలి, రిజిస్టరులో అంకె
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను బి.కాం. చదివి, ముప్పై ఏడేళ్లు బ్యాంకులో గుమాస్తాగా లెక్కలు రాసినవాణ్ణి. కాబట్టి ఒక లెక్క సంగతే చెబుతాను. అది అమెరికాలో ఒక ఫుట్‌బాల్ బంతిలోని గాలి లెక్క.

2015 ఆగస్టులో సెలవు పెట్టి, నేనూ మా ఆవిడా బరంపురం నుంచి బోస్టన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లాం. న్యూజెర్సీ నుంచి అమ్మాయి, అల్లుడు కూడా వచ్చారు. ఒక రాత్రి భోజనాల దగ్గర బావా బావమరుదుల గొంతులు పెరిగాయి. ఏదో డబ్బు తగాదా అనుకుని మా ఆవిడ కంగారుపడింది. తీరా చూస్తే వాళ్లు వాదించుకుంటున్నది బంతిలో గాలి తీశారా, లేదా అని!

వారి ఫుట్‌బాల్ మనం ఆడేది కాదు. బంతి కోలగా ఉంటుంది, ఎక్కువగా చేత్తోనే విసురుతారు. ఏ జట్టు దాడి చేస్తుంటే ఆ జట్టు తెచ్చుకున్న బంతులు వాడతారు. గాలి చదరపు అంగుళానికి 12.5 నుంచి 13.5 పౌండ్ల లోపు ఉండాలి. కాస్త తగ్గితే పట్టు బాగా దొరుకుతుందని కొందరు ఆటగాళ్ల అభిప్రాయం. జనవరి 18, 2015న బోస్టన్ దగ్గరి ఫాక్స్‌బరోలో పేట్రియాట్స్ జట్టు ఇండియానాపొలిస్ కోల్ట్స్‌ను 45–7తో ఓడించింది. ఆట సగంలో ఉండగా కోల్ట్స్ వాళ్లు పేట్రియాట్స్ బంతి మెత్తగా ఉందని ఫిర్యాదు చేశారు. విరామంలో కొలిస్తే పదకొండు బంతులూ 12.5 కంటే తక్కువే చూపించాయి.

ఇక చూడండి గోల. రెండు రోజుల్లోనే పదకొండు బంతుల్లో రెండేసి పౌండ్లు తక్కువని టీవీలో వార్త వచ్చింది. మే నెలలో వచ్చిన విచారణ నివేదికలోని అంకెలు చూస్తే ఆ వార్త తప్పు. కానీ అప్పటికే జనం మనసులో తీర్పు అయిపోయింది. మా అల్లుడు జెట్స్ జట్టు అభిమాని. 2007లో ఇదే పేట్రియాట్స్ జెట్స్ కోచ్‌ల సైగలను వీడియో తీసి పట్టుబడి, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా కట్టింది. కోచ్ బెలిచిక్‌కు వేరుగా ఐదు లక్షలు పడింది. "పాత కేసున్నవాళ్లు మామయ్యగారూ, వీళ్లు చేయరా?" అన్నాడు అల్లుడు. "విరామంలో గాలి నింపాక మావాళ్లు ఇంకో 28 పాయింట్లు చేశారు కదా నాన్నా, గాలితో గెలిచారా?" అన్నాడు అబ్బాయి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే ఆ రెండు నిజాలూ అసలు ప్రశ్నకు జవాబు కావు.

ఇంటర్ సైన్సు పిల్లలకు తెలుసు, వేడి తగ్గితే మూసి ఉన్న గాలి పీడనం తగ్గుతుంది. వెచ్చని గదిలో 12.5 ఉన్న బంతిని ఆనాటి చలిలోకి తెస్తే, ఎవరూ చెయ్యి పెట్టకుండానే 11.3కీ 11.5కీ మధ్యకు దిగుతుందని నివేదికే లెక్క కట్టింది. విరామంలో ఇద్దరు అధికారులు రెండు గేజీలతో కొలిచారు. ఒక గేజీ సగటు 11.49, రెండోదాని సగటు 11.11. మొదటి గేజీ ప్రకారం చలి ఒక్కటే కారణం కావచ్చు. రెండోదాని ప్రకారం ఎవరో గాలి తీసి ఉండాలి. మరి ఆట ముందు రిఫరీ ఏ గేజీ వాడారు? మొదటిదే అని తనకు గుర్తని ఆయన చెప్పారు. కాదు, రెండోదే అయి ఉంటుందని విచారణ చేసినవారు తేల్చారు. ఆట ముందు ఏ బంతి ఎంత ఉందో కాగితం మీద రాయనే లేదు. ఓపెనింగ్ బ్యాలెన్సు రాయకుండా క్లోజింగులో షార్టేజి పట్టుకున్నట్టుంది వ్యవహారం!

నాకు నవ్వు రాలేదు. కారణం చెబుతాను.

1998 ప్రాంతంలో నేనొక చిన్న ఊరి బ్రాంచిలో ఉన్నాను. బంగారం నాణ్యం చూడటానికి ఒక పెద్దాయన వచ్చేవారు, అందరం ఆచారి గారు అనేవాళ్లం. ఒక ఖాతాదారు గొలుసు విడిపించుకునేటప్పుడు తూస్తే పావు గ్రాము తక్కువ వచ్చింది. కౌంటరు దగ్గర పదిమంది పోగయ్యారు. మేనేజరు గారు నన్ను పక్కకు పిలిచి అడిగితే, "ఆయన కూతురి పెళ్లికి డబ్బు వెతుక్కుంటున్నారండీ" అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదు. అయినా అన్నాను. ఆచారి గారిని రావద్దన్నారు. మూడు వారాల తర్వాత ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారి అదే గొలుసును రెండు కాటాల మీదా పెట్టించారు. తాకట్టు నాడు తూచిన పాత కాటా మీద పాత బరువే చూపింది. మధ్యలో మేం ఎలక్ట్రానిక్ కాటా కొన్నాం, ఏ కాటాతో తూచామో రిజిస్టరులో రాయలేదు. ఆచారి గారికి కబురు పంపితే రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లాను. మంచినీళ్లిచ్చారు, కూర్చోమన్నారు, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

ఇంత చెప్పి, పేట్రియాట్స్ వాళ్లు నిర్దోషులని నేను అనడం లేదు. బంతుల సంచి మోసే ఉద్యోగి మైదానానికి వెళ్తూ వంద సెకన్లపాటు బాత్‌రూములోకి వెళ్లాడు. అతడే పాత మెసేజీలో తనను గాలి తీసేవాడుగా చెప్పుకున్నాడు. అది బరువు తగ్గడం గురించి అన్న మాటని జట్టు వివరణ. ఆ వివరణకు మా అబ్బాయి కూడా తల దించుకున్నాడు. ప్రధాన ఆటగాడు టామ్ బ్రేడీ విచారణకు వచ్చే సమయానికి తన ఫోను ధ్వంసం చేయించాడు. తప్పు చేసినా చేయకపోయినా ఆ పని చేయకూడదు. ఆడిట్ వస్తుందని తెలిసి వోచర్లు చించినవాడిని ఎవరు నమ్ముతారు?

నివేదిక కూడా ఖాయంగా జరిగిందని అనలేదు, జరగకపోవడం కంటే జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చెప్పింది. శిక్ష మాత్రం గట్టిగానే పడింది. జట్టుకు పది లక్షల డాలర్ల జరిమానా, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలు రెండు రద్దు, బ్రేడీకి నాలుగు ఆటల నిషేధం. సెప్టెంబరు 2015లో ఒక న్యాయమూర్తి నిషేధం కొట్టేశారు. ఏప్రిల్ 2016లో అప్పీలు కోర్టు 2–1తో మళ్లీ నిలబెట్టింది. అక్కడ తేలింది శిక్ష వేసే అధికారం లీగ్ కమిషనరుకు ఉందా అన్నదే. గాలి ఎవరైనా తీశారా అన్నది కోర్టు తేల్చలేదు. బ్రేడీ నాలుగు ఆటలు కూర్చుని, తిరిగొచ్చి ఫిబ్రవరి 2017లో సూపర్ బౌల్ గెలిచాడు. ఆ రాత్రి అబ్బాయి అల్లుడికి ఫోను చేశాడట, అల్లుడు ఎత్తలేదు.

లీగ్ 2015 సీజన్ నుంచి ప్రతి బంతికీ నంబరు వేసి, ఆట ముందు గాలి ఎంతుందో రాయించడం మొదలుపెట్టింది. ఆ ఏడాది చలిలో తీసిన కొలతలు బయట పెట్టి ఉంటే మా ఇంట్లో వాదన అప్పుడే తీరేది. లీగ్ వాటిని ప్రకటించలేదు. మా బ్రాంచి తాకట్టు రిజిస్టరులో కూడా ఇన్‌స్పెక్షను తర్వాత ఏ కాటా అని రాసేందుకు ఒక గడి గీశారు. ఎర్ర సిరాతో ఆ గడి గీసింది నేనే.

పిల్లలు పేర్లు పిలిచే వరుసలో కూర్చోండి.